వంతుకో దొర

మనిషి ఒంట్లో వీపంత నమ్మదగిన భాగం ఇంకొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం!

నవ్వకండి. ముఖం అబద్ధాలాడుతుంది. బజార్లో ఎదురైతే పళ్ళికిలిస్తుంది, పక్కకి తిరగ్గానే మూతి ముడుచుకుంటుంది. వీపుకి అలాంటి వేషాలు తెలియవు. ఎండకి కాలితే ఎర్రబడుతుంది, క్రీము రాస్తే తెల్లబడుతుంది, అంతే. ఈ సత్యం నేను పెద్ద చదువులు చదివి తెలుసుకున్నది కాదు. మా ఇంటి అరుగు మీద కూర్చుని, కోకో టీ తాగుతూ, కింద రాళ్ళ ఒడ్డు వైపు చూసి తెలుసుకున్నాను.

మాది అన్స్ గ్రీ. కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు. పిడికెడు ఇసుక, మిగతాదంతా నల్లరాయి. ఆ రాళ్ళ కాళ్ళ దగ్గరే పగడపు దిబ్బ. మా దీవి రాజధాని రోజో రేవులో ఓడ ఆగిందంటే చాలు, పొద్దున్నే తెల్ల బస్సులు మా మలుపు తిరుగుతాయి. వాటిలోంచి ఓడ దొరలూ దొరసానులూ దిగుతారు. కళ్ళకి అద్దాలు, నోట్లో గొట్టం, కాళ్ళకి రబ్బరు తెడ్లు. ఆ తెడ్లతో ముందుకు నడిస్తే బోర్లా పడతారు గనక, రాళ్ళ మీద వెనక్కి వెనక్కి నడిచి నీళ్ళలో దిగుతారు. దిగాక ఎలాగూ బోర్లానే పడుకుంటారు. ఇక మధ్యాహ్నం దాకా సముద్రం నిండా వీపులే!

దీన్ని స్నార్కెలింగ్ అంటారు. మా ఊళ్ళో కొందరు దీన్ని పీడ అని కూడా అంటారు. వాళ్ళు అజ్ఞానులు. నేను మాత్రం వరం అంటాను.

ఎలాగంటారా? వినండి. పక్క ఊరికి కూడా ఓడ జనం వస్తారు. అయితే వాళ్ళు తలలు పైకెత్తి తిరిగే రకం. అందుకని ఆ ఊళ్ళో గోడలన్నిటికీ రంగులు వేశారు, కుక్కలకి స్నానాలు చేయించారు, ముసలమ్మల చేత పూలబుట్టలు మోయిస్తున్నారు. మాకు ఆ ఖర్మ లేదు. మా వాళ్ళు కిందకి చూస్తారు. మా చర్చి పెచ్చులు ఊడినా, నా లోపలి బట్టలు రాళ్ళ మీద ఆరినా, చూసేవాడేడీ? ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చిపోయే ఊళ్ళో ఇంత ఏకాంతం ఇంకెవరికైనా దక్కిందా?

ఇక గడియారం సంగతి. మా చర్చి గడియారం పోయినసారి తుపానుకి ఆగింది. మేము పట్టించుకోలేదు. వీపులు పాల రంగులో ఉంటే ఇంకా పొద్దున్నే అన్నమాట. గులాబీ రంగుకి తిరిగితే అరటికాయలు పొయ్యి మీద పెట్టాలి. ఉడికిన రొయ్య రంగు వచ్చిందంటే భోజనాల వేళ!

చేపలకైతే చెప్పనక్కర్లేదు. మా దిబ్బ మీది రంగు చేపలు ఓడలో కాల్చిన మెత్తటి రొట్టెకి అలవాటు పడ్డాయి. మొన్న మా ఆవిడ జెర్మేన్ వేయించిన రొట్టె ముక్క ఒకటి వేస్తే వాసన చూసి, మొహం తిప్పుకుని పోయాయి. ఒక చేపకి అభిరుచి కలగడం అంటే మాటలా!

అన్నిటికన్నా గొప్పది ఆ గొట్టం. బస్సులోంచి పోట్లాడుకుంటూ దిగిన మొగుడూ పెళ్ళాలని నేను కళ్ళారా చూశాను. ఆవిడ సంచి విసిరింది. ఆయన టోపీ విసిరాడు. తర్వాత ఇద్దరూ నోట్లో గొట్టాలు పెట్టుకున్నారు. అంతే, మధ్యాహ్నం దాకా ఆ సంసారంలో ఒక్క మాట లేదు. చేతిలో చెయ్యి వేసుకుని తేలారు. ఇంటింటికీ ఒక గొట్టం ఉండాలని ఆ రోజే జెర్మేన్‌తో అన్నాను.

"నిజమే, ముందు నీకే కొంటా," అంది.

సరే, ఇంత గొప్ప వరానికి మా ఊళ్ళో ఎదురు నిలిచింది ఒకే ఒక్క మనిషి. ఆవిడ పేరు యులాలీ. ఊరంతటికీ యులాలీ అత్త. ఒడ్డుకు లాగే పెద్ద వల ఊరి మొత్తానికి ఒక్కటే ఉంది, అది ఆవిడది. వాళ్ళ తాత నుంచి వచ్చింది. దాని పద్ధతి మీకు చెప్పాలి. నీళ్ళలో పార చేపల గుంపు కనబడితే అత్త శంఖం ఊదుతుంది. ఊరు ఊరంతా బేసిన్లు పట్టుకుని దిగుతుంది. పడవ వెళ్ళి వలని చుట్టూ దించి వస్తుంది. రెండు వైపులా తాళ్ళు పట్టుకుని లాగుతాం. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ వంతు ఉంటుంది. ముసలాడైనా, దారిన పోయేవాడైనా, ఆఖరి నిమిషంలో వచ్చి ఊరికే తాడు ముట్టుకున్న నాలాంటి పత్రికల రాతగాడైనా సరే, వంతు వంతే.

అత్త మేనల్లుడు కెర్విన్ ఈ తెల్ల బస్సుల వాళ్ళ దగ్గర గైడు. మొట్టమొదటి ఓడ వచ్చినప్పుడు వాడే అత్త దగ్గరికి వెళ్ళాడు.

"అత్తా, ఓడ వచ్చిన రోజు మాత్రం వల దించకు. వాళ్ళ కాళ్ళకి చుట్టుకుందంటే కంపెనీవాళ్ళు నన్ను బతకనివ్వరు. వారానికి ఒక్క రోజే కదా!"

"ఒక్క రోజేనా?"

"నీ మీద ఒట్టు, ఒక్క రోజే."

కెర్విన్ ఒట్టు ఎంత గట్టిదో అత్తకి తెలిసొచ్చేసరికి ఓడలు సోమవారం నుంచి శనివారం దాకా వస్తున్నాయి. మిగిలింది ఆదివారం. ఆదివారం మా ఊరంతా చర్చిలో ఉంటుంది. చేపలూ అక్కడికే వస్తాయేమో, సముద్రంలో మాత్రం కనబడవు. అలా అత్త వల గోడకి వేలాడి వేలాడి, దాంట్లో సాలెపురుగులు కాపురం పెట్టాయి. ఊళ్ళో పొయ్యిల మీద చేపల పులుసు ఉడకడం మానేసింది. దుకాణంలో డబ్బా చేపల అమ్మకం పెరిగింది. ఇది వ్యాపారాభివృద్ధి కాదా? మీరే చెప్పండి!

అలాంటి రోజుల్లో ఒక బుధవారం, ముసలి ఆక్టేవ్ రాతి మీద నిలబడి ఒక్క అరుపు అరిచాడు.

"నలుపెక్కింది! నీళ్ళు నలుపెక్కాయి! పారలు!"

ఎన్నాళ్ళకో వచ్చిన గుంపు! మబ్బు నీడ పడ్డట్టు నీళ్ళు ముదురు రంగుకి తిరిగాయి. యులాలీ అత్త గోడ మీది వల వైపు చూసింది. మలుపు దగ్గర ఆగి ఉన్న తెల్ల బస్సు వైపు చూసింది. ఆ తర్వాత శంఖం ఊదింది.

ఇక చూడండి! బేసిన్లు, బకెట్లు, పిల్లల స్నానాల తొట్లు, ఏది దొరికితే అది పట్టుకుని జనం దిగారు. పడవ చుట్టి వచ్చింది. తాళ్ళు ఒడ్డుకి చేరాయి. నేను కూడా కలం పట్టే చేతులతో తాడు పట్టుకున్నాను. "ఓ... హో!" అని లాగుతున్నాం.

సరిగ్గా అప్పుడే రాళ్ళ వెంబడి తేలుకుంటూ కెర్విన్ మంద వచ్చింది. వాళ్ళ కళ్ళు పారల మీదే ఉన్నాయి. అన్ని చేపలు ఒక్కచోట కనబడితే ఎవరికి మాత్రం ఆశ పుట్టదు? తలలు నీళ్ళలోనే ఉంచి, చేపల వెనకే తెడ్లాడించుకుంటూ నేరుగా వలలోకి వచ్చేశారు! కెర్విన్ రాతి మీద గెంతుతూ విజిల్ ఊదుతున్నాడు. చెవులు నీళ్ళలో ఉన్నవాడికి విజిలేం వినబడుతుంది?

వల బరువెక్కింది.

"లాగండ్రా, పంట పండింది! ఇంత బరువు మా నాన్న కాలంలో కూడా లేదు!" అన్నాడు ఆక్టేవ్.

అంతలో వలలోంచి పసుపు రంగు గొట్టం ఒకటి పైకి లేచింది. దాని పక్కనే ఇంకొకటి. యులాలీ అత్తకి విషయం అర్థమైంది. ఆవిడ ముఖం నేను చూశాను. పారలు చేతికి అందేంత దూరంలో ఉన్నాయి. గట్టిగా ఇంకో నాలుగు గుంజులు గుంజితే చాలు. కానీ వలలో చిక్కిన వాళ్ళు ఊపిరాడక పోతారు.

"ఆపండి! వల అడుగు పైకెత్తండి!" అని అరిచింది.

ఎత్తాం. పారలు మా కాళ్ళ సందుల్లోంచే వెళ్ళిపోయాయి. ఒకటి నా మోకాలికి తగిలి మరీ పోయింది. నెలల తరబడి నోరూరించుకున్న కూర అలా సముద్రంలోకి తిరిగి పోతుంటే, ఊరు ఊరంతా నోరెళ్ళబెట్టి చూసింది.

ఇసుక మీద వల విప్పాం. అందులో పందొమ్మిది మంది దొరలూ దొరసానులూ కూర్చుని ఉన్నారు. గొట్టాలు ఇంకా నోట్లోనే ఉన్నాయి. చేప అన్నది ఒక్కటి లేదు.

ఆక్టేవ్ గొంతు సవరించుకున్నాడు.

"మరి నా వంతు?"

యులాలీ అత్త నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఈ వల లాగినోడు ఒట్టి చేతుల్తో ఇంటికెళ్ళిన రోజు మా తాత నాటి నుంచీ లేదు. ఇవాళా ఉండదు. వరసలో నిలబడండి!"

"ఎవరు?"

"అందరూ! మీరూ, వాళ్ళూ!"

కెర్విన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అత్తా! వాళ్ళు మనుషులే! ప్యాసింజర్లు!"

"నీళ్ళలో ఉన్నంతసేపూ నీవాళ్ళురా. నా వలలో ఇసుక మీదకి వచ్చాక నావాళ్ళు. పక్కకి జరుగు."

పంచింది! దొరల్ని వంతులేసి పంచింది! వల వంతు తను తీసుకుంది. పడవ వంతు పడవ వాళ్ళకిచ్చింది. మిగిలినవి లాగిన వాళ్ళకి, ఇంటికొకటి చొప్పున. ఆక్టేవ్ తన వంతు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, పెదవి విరిచాడు.

"యులాలీ, నాదాంట్లో అంతా ముల్లే. కండేదీ?"

"పోయినసారి నీకే కదా పెద్దది పడింది? నోర్మూసుకుని పట్టుకుపో."

నా వంతుకి హాల్వార్ అనే ఆయన వచ్చాడు. తాడిచెట్టంత మనిషి. ఎక్కడో మంచు దేశంలో రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడట. రబ్బరు తెడ్లతో మా మెట్లెక్కలేక వెనక్కి తిరిగి ఎక్కాడు. గుమ్మంలో జెర్మేన్ బేసిన్ పట్టుకుని నిలబడి ఉంది.

"చేపేదీ?"

"ఇదే."

హాల్వార్ని పైనుంచి కిందకి చూసింది. "శుభ్రం చేయించి తేవచ్చుగా!" అంది. ఆ తర్వాత నవ్వు ఆపుకోలేక బేసిన్ కింద పడేసింది.

భోజనం పెట్టాం. కాల్చిన సీమపనస, ఉడికించిన అరటికాయ, ఉప్పు చేప, దాని మీద మా పెరటి మిరపకాయ. మొదటి ముద్దకి ఆయన ముఖం వీపుకన్నా ఎర్రగా అయింది. కళ్ళల్లోంచి నీళ్ళు ధారలు కట్టాయి. ఇంకొంచెం పెట్టమన్నాడు. గోడ మీది మా అత్తగారి ఫోటో చూసి ఎవరని అడిగాడు. తర్వాత నా ముఖంలోకి చూశాడు.

"మీరు ఎప్పుడూ ఇక్కడే ఉంటారా?"

"ఇక్కడే ఉంటాను. పొద్దున మీ వీపు కూడా చూశాను," అన్నాను.

సిగ్గుపడ్డాడు పాపం. నా కంచంలో తన కంచంలోంచి ఒక అరటికాయ ముక్క తీసి వేశాడు. నాకు ఆ మనిషి మీద ప్రేమ పుట్టుకొచ్చిందంటే నమ్మండి. ఒక పార చేప ఎన్నడైనా మీ అత్తగారెవరని అడిగిందా? కూర బాగుందని మెచ్చుకుందా? చేప ఒక్క పూటకి సరి. దొర అలా కాదు, ఏళ్ళ తరబడి చెప్పుకోవచ్చు! ఆ సాయంత్రం ఊళ్ళో ఏ ఇంట చూసినా ఇదే ముచ్చట. ఆక్టేవ్ తన ముళ్ళ దొరకి రమ్ము పోసి, డొమినోల ఆటలో ఆయన టోపీ గెలుచుకున్నాడు. బస్సు ఆలస్యమైంది, ఓడ కూత మీద కూత వేసింది, పందొమ్మిది మందీ తలలు బయటపెట్టి మలుపు తిరిగేదాకా చేతులూపారు.

వరమా, కాదా? ఒప్పుకోండి!

కథ ఇక్కడితో ఆగిపోయి ఉంటే నేను ఈ వ్యాసం ఇంతటితో ముగించి, మా ఊరికి ఏదైనా బిరుదు ఇవ్వమని పైవాళ్ళకి రాసేవాణ్ణి. కానీ ఆ పందొమ్మిది మందీ ఊరుకోలేదు. ఫోన్లలో రాశారు. నక్షత్రాలు ఇచ్చారు. తర్వాతి ఓడలో వచ్చినవాళ్ళు బస్సు దిగుతూనే, "మమ్మల్ని ఎప్పుడు పడతారు?" అని అడిగారు. పట్టలేదని అలిగి, డబ్బు వాపసు ఇమ్మన్నారు. వారం తిరక్కుండా కంపెనీ నుంచి గొడుగు పట్టుకుని ఒకావిడ వచ్చింది. ఆవిడ వెంటే వచ్చిన కెర్విన్, అత్త ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అత్తా, నువ్వు గెలిచావు. ఇక రోజూ వల దించొచ్చు!"

యులాలీ అత్త కళ్ళు మెరిశాయి. "రోజూనా?"

"రోజుకి రెండుసార్లు! పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. జనం మీద."

అత్త గోడ మీది వల వైపు చూసింది. సాలెపురుగుల పాలైన వల కనీసం తడుస్తుంది కదా అనుకుంది కాబోలు, ఒప్పుకుంది. మా అందరికీ నీలం రంగు టీషర్టులు ఇచ్చారు. కూలీ కూడా ఇస్తున్నారు, లేదనను. గొడుగు ఆవిడ లాగడం నేర్పింది. మాకు! లాగడం! మూడు గుంజులు గుంజాలి. ఆగాలి. రోడ్డు వైపు తిరిగి నవ్వాలి. బస్సు దగ్గరున్న వాళ్ళు ఫోటోలు తీసుకుంటారు. మళ్ళీ మూడు గుంజులు. ఒడ్డుకి చేరాక అత్త వంతులు పంచుతున్నట్టు నటించాలి. మేము ఒక్కొక్క దొర భుజం మీద చెయ్యి వేసి నిలబడాలి. తర్వాత ఎవరివాళ్ళని వాళ్ళకి అప్పజెప్పి బస్సెక్కించాలి. ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టడానికి టైం లేదు, రెండో బస్సు వచ్చేస్తుంది.

చేపలా? రోజుకి రెండుసార్లు కేకలు పెడుతున్న దొరల్ని చుట్టబెట్టే చోటికి ఏ చేప వస్తుంది?

అయినా నేను చెప్పేది అదే, వరం. మా ఊళ్ళో పని లేనివాడు లేడు. అందరికీ కొత్త చొక్కాలు. నవ్వి నవ్వి మా దవడలు బలపడ్డాయి.

ఇలా ఉండగా, మొన్న ఆదివారం చర్చిలో ఫాదర్ ప్రసంగం మంచి రసపట్టులో ఉంది. బయట శంఖం మోగింది. ఆదివారం ఓడ లేదు. అంటే ఇది అసలు శంఖం! ఫాదర్ పుస్తకం మూసేశారు. మాకన్నా ముందు ఆయనే వీధిలో ఉన్నారు.

ఆక్టేవ్ రాతి మీద నిలబడి ఏడుస్తున్నాడు, సంతోషంతో. నీళ్ళు అంచు దాకా నల్లగా ఉన్నాయి. ఆ బుధవారం నాటి గుంపు దీని ముందు పిల్లకాకి. జెర్మేన్ ఇంట్లోంచి బేసిన్‌తో పాటు నిమ్మకాయలు కూడా పట్టుకొచ్చేసింది, అంత ధీమా! పడవ చుట్టి వచ్చింది. యులాలీ అత్త తనే ముందు నిలబడి తాడు పట్టింది.

"దేవుడు ఇచ్చాడు, లాగండి!"

లాగాం. ఒకటి. రెండు. మూడు.

ఆగాం.

ఊరు ఊరంతా, ఫాదర్‌తో సహా, రోడ్డు వైపు తిరిగి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. రోడ్డు మీద బస్సు లేదు. ఫోన్లు లేవు. ఒక మేక ఉంది.

"ఏం చేస్తున్నార్రా? లాగండి!" అత్త ఒక్కతే తాడుకి వేలాడుతోంది.

నాలుక్కరుచుకుని మళ్ళీ లాగాం. ఒకటి, రెండు, మూడు. ఆగకూడదని నా బుర్ర చెబుతూనే ఉంది. చేతులు ఆగిపోయాయి. మెడ తిరిగింది. నవ్వు వచ్చింది. పక్కన జెర్మేన్ నవ్వుతూనే, "ఆపకండి, ఆపకండి," అని ఏడుస్తోంది. తాడు వదులైన ప్రతిసారీ వల అడుగు రాళ్ళ మీద లేచింది. దాని కింద నుంచి పారలు వరసకట్టి వెళ్ళాయి. మూడోసారి మేక వైపు నవ్వి తిరిగేసరికి వల తేలిగ్గా వచ్చేసింది.

యులాలీ అత్త మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇసుకలో కూర్చుని, ఖాళీ వల ఒళ్ళోకి లాక్కుంది.

"నా వల ఇంతమంది కలిసి లాగితే రాని చేప లేదు. మీ చేతులకేమైందిరా?" అంది నెమ్మదిగా.

ఎవరి బేసిన్ వాళ్ళు బోర్లించుకుని మెట్లెక్కాం. మధ్యాహ్నం జెర్మేన్ డబ్బా చేప తెరిచి బల్ల మీద పెట్టింది. సముద్రం చప్పుడు వినబడుతుండగా, ఏ సముద్రంలోదో తెలియని చేప తిన్నాం. ఉప్పగా ఉంది. కన్నీళ్ళ ఉప్పు అని రాద్దామనుకున్నాను గానీ, ఉప్పు కలిపినట్టు డబ్బా మీదే రాసి ఉంది. తెచ్చిన నిమ్మకాయలు తెచ్చినట్టే ఉన్నాయి. నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక కోకో టీ మీద చూపించాను, కప్పు పగిలింది.

కాబట్టి ఓడ కంపెనీ వారికి ఈ పత్రిక ద్వారా సవినయంగా మనవి చేసుకుంటున్నాను. స్నార్కెలింగ్ వరమే, నా మాట మీద నేను నిలబడతాను. సోమవారం నుంచి శనివారం దాకా మా రాళ్ళు, మా వల, మా శంఖం, మా పళ్ళు, అన్నీ హాయిగా వాడుకోండి. శనివారం సాయంత్రం బస్సెక్కేముందు మాత్రం ఏమైనా పట్టుకుపోతున్నారేమో ఒక్కసారి సంచులు వెతుక్కుని, మా చేతులు మాకు వదిలేసి వెళ్ళండి. ఆదివారం వాటితో మాకు పనుంది.